గంట మోగితే ఎవరికి వినపడాలి

ఏప్రిల్ 6, ఆదివారం

మామయ్యకి,

క్షేమంగా చేరాను. ఆ ఒక్క మాటా అమ్మకి ఫోన్లో చెప్పేశాను. మిగతావన్నీ నీకు. ఫోన్లో నీకు "తిన్నావా, పడుకున్నావా, సరే ఉంటా" తప్ప నాలుగో మాట రాదు కాబట్టి నీ పద్ధతిలోనే ఉత్తరం రాసి మెయిల్లో పంపుతున్నాను. దయచేసి తప్పులు దిద్ది తిరిగి పంపకు.

విమానంలో పక్క సీటాయన ఏం పని మీద వెళ్తున్నారని అడిగాడు. లిఫ్టులకి ప్రమాణాలు రాసే సంఘం ఒకటుంది, దాని సమావేశానికి అన్నాను. అంటే ఏం చేస్తారన్నాడు. "తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలి, బటన్లు ఎంత ఎత్తులో పెట్టాలి, కరెంటు పోతే ఏం జరగాలి, ఇవన్నీ నానా దేశాలవాళ్లూ కూర్చుని తేల్చుకుంటారండీ" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "ఇంకా తేలలేదా?" అని అడిగాడు. జీవితమంతా ఆ సంఘంలో కూర్చుని వచ్చినవాడివి, ఈ ప్రశ్న నీకే అంకితం.

గది చిన్నదే కానీ బాగుంది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో భవనం వెనకగోడ, దాని మీద గొట్టాలు. మా పెద్ద ఇంజనీరు వెన్నునొప్పితో మంచం పట్టబట్టి కానీ, లేకపోతే ఈ గొట్టాలు చూసే యోగం నాకెక్కడిది. మెడలో వేసుకునే కార్డు మీద "పరిశీలకురాలు" అని అచ్చేశారు. బల్ల దగ్గరకి వెళ్లి "నేను చూసిపోవడానికి రాలేదండీ, మా కంపెనీ ప్రతినిధిని" అని దిద్దించుకున్నాను. నీ మేనకోడలిని అనిపించుకోవాలి కదా.

రేపటి నుంచి సమావేశం. చర్చించాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో నీ గంట సంగతి కూడా ఉంది. ఆ అంశం వచ్చినప్పుడు రాస్తాను.

అత్తయ్య సర్దిన పెట్టె తెరవగానే మూడు స్వెట్టర్లు బయటపడ్డాయి. ఇక్కడ చెమట పోస్తోందని చెప్పు.

పెట్టె ఎలా మూయాలో తెలియని
నీ పిడుగు


ఏప్రిల్ 7, సోమవారం

పిడుగూ,

ఉత్తరం అందింది. రెండు చోట్ల వాక్యం పూర్తి చేయకుండా వదిలేశావు. దిద్దలేదు, చెబుతున్నానంతే.

ఇంకా తేలలేదా అన్న ఆ పక్క సీటాయన్ని మీ సంఘానికి అధ్యక్షుడిగా పెట్టుకోవచ్చు.

నాలుగు మాటలు చెబుతాను, విను. తలుపు పక్కన కూర్చోకు. వచ్చేపోయేవాళ్లకి దారివ్వడంతోనే సరిపోతుంది. మొదటిరోజు నోరెత్తకు, ఎవరు ఎవరి మాటకి తల ఊపుతున్నారో చూడు. అసలు బేరాలన్నీ టీ దగ్గరే జరుగుతాయి, కాబట్టి టీ తాగనని గదికి పోవద్దు. నీకు నచ్చని మాట ఎవరైనా అంటే వెంటనే కాదనకు, "ఇంకోసారి చెబుతారా?" అని అడుగు. రెండోసారి చెప్పేటప్పటికి సగంమంది వాళ్లే సర్దుకుంటారు.

అక్కడ నా స్నేహితుడొకడు ఉంటాడు, తెల్లగడ్డం, చేతికర్ర. పేరు నోరు తిరగదని మేమంతా గడ్డంగారు అనేవాళ్లం. నేను అడిగానని చెప్పు. మేమిద్దరం ఆ బల్లకి చెరోవైపూ కూర్చుని కొట్టుకున్నంతగా అన్నదమ్ములు కూడా కొట్టుకోరు.

గంట గురించి నువ్వేమీ మనసులో పెట్టుకోకు. "లిఫ్టులో చిక్కుకున్నవారు నొక్కే గంట, ఆ భవనంలోనే మనిషి ఉండేచోట మోగవలెను." ఈ ఒక్క వాక్యం కోసం గడ్డంగారికీ నాకూ రెండేళ్లు మాటలు లేవు. దాని కాలం అది చేసింది. నువ్వు వెళ్లింది మీ కంపెనీ పని మీద. వాళ్లేం చెప్పారో అది చెయ్యి. నా గురించి ఆలోచించకు.

అత్తయ్య స్వెట్టర్ల మాట నమ్మలేదు. రాత్రిపూట చలేస్తుందంటోంది.

ఇక్కడ అంతా మామూలే.

మామయ్య


ఏప్రిల్ 8, మంగళవారం

మామయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "నా గురించి ఆలోచించకు" అని రాసేవాళ్ల గురించి ఎవరైనా ఆలోచించకుండా ఉంటారా.

నీ సలహాలు పాటించాను. తలుపుకి దూరంగా, పొడుగుబల్ల మధ్యలో కూర్చున్నాను. మాట్లాడాలంటే మా కంపెనీ పేరున్న పలకని నిలువుగా నిలబెట్టాలి. అధ్యక్షురాలు అద్దాల మీదుగా ఒకసారి చూసి వరుస ప్రకారం పిలుస్తుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒకే మాట మీద నడిచింది. తలుపు మూసుకునే ముందు శబ్దం "రావలెను" అనాలా, "వచ్చుట మంచిది" అనాలా? మొదటిదైతే అందరూ చేసి తీరాలి, రెండోదైతే ఎవరూ చేయరు. నాకు మన ఇల్లు గుర్తొచ్చింది. నాన్న "తలుపు గడియ పెట్టుకుంటే మంచిది" అంటే ఎవరూ లేవరు, అమ్మ "గడియ" అంటే చాలు.

గడ్డంగారి దగ్గరకి పొద్దున్నే వెళ్లాను. నమస్కారం పెట్టి, మా మామయ్య మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారండీ అన్నాను. కిటికీలోంచి చూస్తూ కాగితాలు సర్దుకున్నాడే కానీ పలకలేదు. ఇంకోసారి చెప్పాను. అప్పుడూ అంతే. అక్కడున్నవాళ్లంతా నావైపు చూస్తుంటే పళ్లికిలించి వచ్చేశాను. ఆయనకి నీ మీద కోపం ఇంకా పోలేదేమో.

చిత్రం ఏమిటంటే, నేను నీ మేనకోడలినని ఎవరు చెప్పారో, సాయంత్రం టీ దగ్గర ఆయనే కర్ర టకటకలాడించుకుంటూ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మీ మామయ్య లోపలే ఉండిపోవాల్సి వచ్చిందట కదా, పాపం. ఇప్పుడు నయమేనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు.

ఎక్కడ లోపలే ఉండిపోయావు మామయ్యా? ఆసుపత్రిలోనా? నాకెందుకు చెప్పలేదు? గుండెకి సంబంధించిందా? "ఇక్కడ అంతా మామూలే" అని నువ్వు రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఎప్పుడైనా అలా రాశావా నువ్వు? పక్కింటి కుక్క ఎన్నిసార్లు మొరిగిందో కూడా రాసే మనిషివి.

ఉన్నది ఉన్నట్టు రాయి. అమ్మకి చెప్పను.

కంగారుగా
పిడుగు


ఏప్రిల్ 8, మంగళవారం సాయంత్రం

పిడుగూ,

నా గుండె గట్టిది. రోజూ పొద్దున్నే మూడు వీధులు నడుస్తున్నాను. మీ అత్తయ్య తిట్లు రెండు చెవులతో వింటున్నాను. ఇంతకంటే ఆరోగ్యం ఏముంటుంది?

వాడేదో అన్నాడని నువ్వేదో ఊహించుకోకు. అది చెప్పుకోదగ్గ విషయం కాదు. నువ్వు తిరిగొచ్చాక తీరిగ్గా చెబుతాను. నీ పని చూసుకో.

పలకలేదని వాడి మీద అలగకు. వాడికి మొదటినుంచీ ఎడమచెవి వినపడదు. నువ్వు ఎడమవైపు నిలబడి ఉంటావు. కుడివైపు వెళ్లు.

పక్కింటి కుక్క ఊరెళ్లింది. అందుకే రాయలేదు.

మామయ్య


ఏప్రిల్ 9, బుధవారం

మామయ్యకి,

ఈ ఉత్తరం నీకు కోపం తెప్పించినా సరే, రాయక తప్పదు.

నీకు పూర్తిగా చెప్పకుండా దాచాను. చర్చాంశాల్లో గంట సంగతి ఉందన్నానే, అది నీ వాక్యాన్ని మొత్తంగా కొట్టేయడం గురించి. ఇక మీదట గంట నొక్కితే భవనంలో మోగనక్కర్లేదట. నేరుగా ఎక్కడో దూరాన ఉన్న కేంద్రానికి కాల్ పోతుందట. అక్కడెవరో ఫోనెత్తి మనుషుల్ని పంపుతారట. "దీనికి ఒప్పుకుని రా" అని మా మేనేజరు బయల్దేరేముందే చెప్పాడు. మా కంపెనీ తయారుచేసే లిఫ్టు బోర్డుల్లో ఆ ఏర్పాటు ఎప్పుడో ఉందట. నీతో ఈ మాట ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

తీరా ఈరోజు ఆ అంశం వచ్చేసరికి, తీసేయాలని ప్రతిపాదించింది ఎవరనుకున్నావు? గడ్డంగారే. లేచి నిలబడి, "ఈ వాక్యం నా మిత్రుడిది. దీన్ని కాపాడేందుకు అతను నాతో చాలాకాలం పోట్లాడాడు. ఇక దీన్ని విశ్రాంతి తీసుకోనిద్దాం" అన్నాడు. గదిలో చిన్న నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు అక్కడ లేవని కదా ఈ ధైర్యం అనుకున్నాను. నీ ఉత్తరంలో "దాని కాలం అది చేసింది" అన్న మాట గుర్తొచ్చింది. అది రాసేటప్పుడు నీకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో అనిపించింది.

ఎవరికైనా అభ్యంతరమా అని అధ్యక్షురాలు అడిగింది. మొదటి రెండు రోజులూ నోరెత్తని నేను పలక నిలబెట్టాను. "పక్కగదిలో ఉన్న మనిషిని వదిలేసి ఎక్కడో ఉన్న మనిషిని పిలవమంటున్నారు. దీనికి మేం ఒప్పుకోం" అన్నాను. మేం అన్నాను మామయ్యా, కంపెనీ తరఫున. అది విన్నాక ఇంకో ఇద్దరు కూడా పలకలు నిలబెట్టారు. అందరూ ఒప్పుకోకపోతే ఏదీ ముందుకు పోదు కదా, విషయం శుక్రవారానికి వాయిదా పడింది.

గదికి వచ్చేసరికి మేనేజరు దగ్గర్నుంచి ఒకే ఒక్క వాక్యం: "ఇది ఎవరి నిర్ణయం?" ఇంకా జవాబివ్వలేదు.

గడ్డంగారు బయట ఎదురుపడితే కుడివైపు నుంచే వెళ్లాను, వినపడేటట్టు. కానీ నేనే ఏమీ అనలేదు.

నీ వాక్యం శుక్రవారం దాకా బతికే ఉంటుంది. ఆ తర్వాత కూడా బతికిస్తాను.

నీ వెనక నేనున్నాను
పిడుగు


ఏప్రిల్ 10, గురువారం

పిడుగూ,

ముందు కుర్చీలో కూర్చో. కూర్చున్నావా? అయితే చదువు.

ఎవరు నిలబెట్టమన్నారే నిన్ను ఆ పలకని?

తిట్టడం అయింది. ఇక అసలు సంగతి. నువ్వు వచ్చాక చెబుదామనుకున్నాను కానీ, నా నోరు మూసుకోవడం వల్ల నీ ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

పోయిన నెలలో మీ అత్తయ్య వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది. నేను కూరగాయల సంచితో పైకి వస్తున్నాను. మూడో అంతస్తు దాటాక మన లిఫ్టు ఆగిపోయింది. దీపం ఆరలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. నేనేమీ కంగారుపడలేదు. గంట నొక్కాను. కింద గేటు పక్క గదిలో గణగణమని మోగింది. నా చెవులతో విన్నాను. నేను రాసిన వాక్యం ఎలా మోగమందో అచ్చం అలాగే మోగింది. గర్వంగా కూడా అనిపించింది.

ఎవరూ రాలేదు.

మళ్లీ నొక్కాను. మళ్లీ మోగింది. అప్పుడు గుర్తొచ్చింది. గేటు దగ్గర కెమెరాలు పెట్టాక కాపలా మనిషిని మానిపించారు. ఆ గదిలో ఇప్పుడు సైకిళ్లు పెట్టుకుంటున్నారు. అంటే నేను ఇంతసేపూ సైకిళ్లని పిలుస్తున్నానన్నమాట. ఫోన్ బల్ల మీద మర్చిపోయి వచ్చాను. అయినా ఆ డబ్బాలో సిగ్నలెక్కడిది.

లిఫ్టు కిందపడదు. ఈ మాట నాకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు? తాళ్లు తెగినా పట్టుకునే ఏర్పాటు ఉంటుంది. గాలి ఆడుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. అయినా భయం పోలేదు. చొక్కా తడిసిపోయింది. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. ఇలా ఉండిపోతే అని ఒక ఆలోచన మొదలైతే, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి వరుసకట్టి వచ్చాయి.

చివరికి మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ మెట్ల మీదకి వచ్చినట్టుంది. తలుపు మీద తట్టి "లోపలెవరండీ?" అంది. నేనని చెప్పాను. "అయ్యో, మీరా. వినపడింది లెండి. మనిషిని పిలుస్తున్నాను. కూర్చోండి" అంది.

మెకానిక్కు వచ్చేసరికి, అంతకుముందు పట్టినంత సేపూ మళ్లీ పట్టింది. కానీ పిడుగూ, ఆ రెండో సగంలో నాకు భయం వేయలేదు. సంచి మీద కూర్చుని బఠాణీలు ఒలుచుకున్నాను. తలుపు తెరిచేసరికి అన్నీ ఒలిచేశాను. వచ్చినవాడు నన్ను చూసి "ఇంకాసేపు ఆగమంటారా?" అని అడిగాడు.

ఇంట్లో చెబితే మీ అత్తయ్య నన్ను జన్మంతా మెట్లే ఎక్కమంటుంది. నీకు చెబితే ప్రయాణం మానేసి ఇక్కడికొచ్చి కూర్చుంటావు. విని నవ్వేవాడు ఒక్కడే కనిపించాడు. గడ్డంగారికి రాశాను. "ఇన్నేళ్లూ నువ్వు తీసేద్దామంటే నేను పడనివ్వలేదు. నా గంట సైకిళ్లకి మోగుతోంది. ఇక తీసేయి, నేను అడ్డం రాను" అని నేనే రాశాను. వాడు నిన్న లేచి నిలబడింది నా మాట మీద. నా పరువు కాపాడుతూ అంతమందిలో నన్ను మిత్రుడన్నాడు. నువ్వేమో వాడి కుడిచెవి దగ్గరకి వెళ్లి మరీ మౌనం పాటించి వచ్చావు.

నీకు ముందే చెప్పనందుకు కారణం ఇంకోటి కూడా ఉంది. నువ్వు కంపెనీ ప్రతినిధివి. మేనమామ సలహాలతో బల్ల దగ్గర కూర్చోవడం నీకు మర్యాద కాదు, నాకూ కాదు. నువ్వు "గంట సంగతి ఉంది" అని రాసినప్పుడు నీకు అంతా తెలుసనుకున్నాను.

ఇప్పుడు నీ మేనేజరుకి నిజం రాసేయి. అయితే ఒకటి. నువ్వన్న మాటలో సగం తప్పు, సగం కాదు. గంట ఎక్కడ మోగాలి అని మేం ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. ఇప్పుడు మీరూ దాని మీదే కొట్టుకుంటున్నారు. లోపలున్నవాడికి ఏం కావాలో నేను లోపల కూర్చుంటే కానీ నాకు తెలియలేదు. ఎవరైనా వచ్చేలోపు, వినపడింది అనే మాట ఒకటి కావాలి. ఆ మాట నీ కాల్ కేంద్రం చెప్పినా ఒకటే, కుట్టుమిషనావిడ చెప్పినా ఒకటే.

దీన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. నేను సలహా ఇవ్వలేదు.

మామయ్య

అత్తయ్యకి ఈ సంగతి ఇంకా తెలియదు. ఒలిచిన బఠాణీలు చూసి నేను మారిపోయానని సంతోషపడింది. ఆ సంతోషం అలా ఉండనీ.


ఏప్రిల్ 11, శుక్రవారం

మామయ్యకి,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత సైకిళ్ల దగ్గర నవ్వొచ్చింది, తర్వాత పొద్దున ఆ గదిలోకి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలా అని కూర్చున్నాను.

ముందు మేనేజరుకి రాశాను. "నిర్ణయం నాదే. మిమ్మల్ని అడగకపోవడం తప్పు. అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను, కానీ దాని స్థానంలో ఒక వాక్యం అడగాలనుకుంటున్నాను" అని రాసి, ఆ వాక్యాన్నీ కింద చేర్చాను. ఆయన తిట్టలేదు. "మన బోర్డు మీద ఒక చిన్న దీపానికి చోటుందా?" అని అడిగాడు. ఉందన్నాను. "అయితే అడుగు" అన్నాడు. ఆయన కూడా ఎప్పుడో లిఫ్టులో ఇరుక్కుని ఉంటాడని నా అనుమానం.

తర్వాత గడ్డంగారి కుడివైపు వెళ్లి కూర్చున్నాను. "మొన్న మీతో మాట్లాడలేదు, క్షమించండి. మామయ్య అంతా రాశాడు" అన్నాను. ఆయన గడ్డం నిమురుకుని "బఠాణీల సంగతి కూడా రాశాడా?" అన్నాడు. రాశాడన్నాను. ఇద్దరం పగలబడి నవ్వుతుంటే అధ్యక్షురాలు అద్దాల మీదుగా చూసింది. మేం నవ్వు ఆపేశాం.

సమావేశం మొదలవగానే పలక నిలబెట్టాను. "మొన్నటి అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. పాత వాక్యం తీసేయండి. కానీ ఆ చోటు ఖాళీగా వదలొద్దు" అన్నాను.

"ఏం పెట్టమంటారు?" అంది అధ్యక్షురాలు.

"కాల్ ఎక్కడికైనా పోనీయండి. ఎవరో ఒకరు విన్నారని లోపలి మనిషికి వెంటనే తెలియవలెను."

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎలా తెలియాలి, మాటతోనా, శబ్దంతోనా? గడ్డంగారు కర్రతో నేల మీద తట్టి "నాలాంటివాడు లోపలుంటే? దీపం కూడా వెలగాలి" అన్నాడు. కేంద్రంలో యంత్రం ఎత్తితే విన్నట్టా కాదా అని ఇంకొకాయన అడిగాడు. కాదు, మనిషే వినాలి అన్నాను. "తెలియవలెను"నా, "తెలియుట మంచిది"నా అని సహజంగానే ఇంకొకరు అడిగారు. ఆ ఒక్కదాని మీద భోజనం వేళ దాటిపోయింది. నేను కదల్లేదు. "మంచిది అన్నామంటే, లోపలున్నవాళ్లు తెలిస్తే బాగుండునని అనుకుంటూ కూర్చోవాలి" అన్నాను. చివరికి "తెలియవలెను" నిలిచింది.

ఇంకా ముసాయిదానే అనుకో. రెండు నెలలపాటు అందరి ముందూ పెడతారు. ఎవరైనా సరే వ్యాఖ్య పంపొచ్చు, ప్రతి వ్యాఖ్యకీ జవాబు రాయాలి. ఆ రాసే బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగితే గదిలో ఎవరి చూపులు వాళ్ల కాళ్ల మీదే. నా పలక ఇంకా నిలువుగానే ఉంది, పడుకోబెట్టడం మర్చిపోయాను. అలా ఆ పని నాకు వచ్చింది.

అందరూ వెళ్లిపోయాక గొట్టాల కిటికీ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. అలసిపోయాను కానీ ఎందుకో పాట పాడాలనిపిస్తోంది. గోడలు పల్చన, కాబట్టి పాడటం లేదు. మామయ్యా, నీ వాక్యం నా చేతుల మీదుగానే పోయింది. బాధపడతాననుకున్నాను. పడలేదు.

రేపు బయలుదేరుతున్నాను. గడ్డంగారు నీకో మాట చెప్పమన్నాడు: పోట్లాడేవాడు లేక బల్ల చప్పగా ఉందట, నన్ను కొంచెం గట్టిగా పెంచి పంపమన్నాడు.

ముసాయిదా బాధ్యురాలు
పిడుగు


జూన్ 2, సోమవారం

పిడుగూ,

నువ్వొచ్చి వెళ్లాక ఇదే మొదటి ఉత్తరం. ఎదురుగా కూర్చున్నప్పుడు అనకుండా ఆగాను, ఎందుకంటే అప్పటికి మీ ముసాయిదా బయటికి రాలేదు. పద్ధతి ప్రకారం వచ్చాకే అనాలి.

నిన్న వచ్చింది. కొత్త కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. మీ అత్తయ్యకి కూడా చదివి వినిపించాను. "బాగానే ఉంది, కానీ ఇదంతా నీకెందుకు ఇంత ముఖ్యం?" అంది. అప్పుడు చెప్పేశాను, అంతా. మెట్లెక్కమనలేదు. లోపలికి వెళ్లి, వచ్చి, నా పక్కన కూర్చుని, "ఆవిడ తట్టేదాకా ఏం ఆలోచించావు?" అని అడిగింది. చెప్పాను. ఆ సాయంత్రం ఇద్దరం లిఫ్టులోనే కిందకి దిగి నడిచొచ్చాం.

వాక్యం బాగుంది. నాదానికంటే బాగుంది. నేను గోడల గురించి రాశాను, నువ్వు మనిషి గురించి రాశావు. ఈ మాట మళ్లీ అనను.

అయితే "వెంటనే" ఏమిటే? అది కొలతా? అది కోరిక. ఒక కంపెనీవాడు దాన్ని రెప్పపాటు అనుకుంటాడు, ఇంకోడు మర్నాడు అనుకుంటాడు. లోపలున్నవాడు గడియారం చూడడు, నిజమే, కానీ పరీక్ష చేసేవాడు చూస్తాడు. ఇలాంటి మాటని బల్ల దాటించడానికి గడ్డంగారు ఎలా ఒప్పుకున్నాడో నాకు అర్థం కాలేదు. ముసలితనం వచ్చేసింది వాడికి.

అందుకని పొద్దున సంఘానికి నేరుగా వ్యాఖ్య పంపాను. వ్యాఖ్యాత: విశ్రాంత ఇంజనీరు, లిఫ్టు వాడుకరి. అభ్యంతరం, కారణం, బదులుగా పెట్టాల్సిన మాట, అన్నీ వాళ్లడిగిన వరుసలోనే నింపాను. నీకు చేరే ఉంటుంది.

రాతపూర్వకంగా జవాబివ్వాలి. "మామయ్యా" అని మొదలుపెడితే చెల్లదు.

ఇట్లు
వ్యాఖ్యాత